వెలివేత మాటలు ఎవరి పక్షం?

ఇంగ్లీషులో 'రెచ్' అనే మాట ఉంది. దిక్కులేనివాడు అని జాలిపడటానికీ వాడతారు, నీచుడు అని తిట్టడానికీ వాడతారు. పాత ఇంగ్లీషులో ఇది 'వ్రెచ్చ'. అప్పట్లో ఆ మాటకు సొంత నేల నుంచి తరిమివేస్తే పరాయి చోట్ల తిరుగుతున్న మనిషి అని అర్థం. తరమడం, వెళ్ళగొట్టడం అనే క్రియ నుంచి పుట్టిన పదం అది. ఈ మాటకే తోబుట్టువు జర్మన్ భాషలో 'రెకె' అనే రూపంలో ఉంది, అక్కడ దాని అర్థం వీరుడు. ఊరు విడిచి, ఏలిక అండ లేక, కత్తి ఒక్కటే ఆధారంగా బతికిన మనిషిలో ఒక భాష యోధుణ్ణి చూసింది. మరో భాష ముందు అతని దుఃఖాన్ని చూసింది, తరువాత ఆ దుఃఖాన్నే అతని నీచత్వంగా మార్చింది.

ఇంగ్లీషు పదాల పుట్టుకల గురించి చదవడం నాకు చాలాకాలంగా ఇష్టం. వెలివేతకు సంబంధించిన మాటలను ఒకచోట చేర్చి చూసినప్పుడు నాకొక వరస కనిపించింది. వెలివేసే పనిని చెప్పే మాటలు కాలం గడిచేకొద్దీ శుభ్రపడ్డాయి. కార్యాలయాల్లో, ఆటల పోటీల్లో, పాఠ్యపుస్తకాల్లో ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా వాడుకోదగిన మాటలయ్యాయి. వెలిపడిన మనిషిని చెప్పే మాటలు మాత్రం మైలపడ్డాయి. అవి దాదాపు అన్నీ తిట్లుగానో, హెచ్చరికలుగానో తేలాయి. ఇది కాకతాళీయంగా జరగలేదని నా వాదన. తీర్పు రాసినవారు, ఆ తీర్పును భద్రపరచినవారు, గుమ్మానికి లోపల మిగిలినవారు ఈ మాటలకు అర్థాలను స్థిరపరిచారు. బయటపడినవాడికి ఆ పనిలో పాలు దొరకడం అరుదు.

'ఔట్‌లా' అనే మాటను చూడండి. స్కాండినేవియా నుంచి వచ్చినవారి భాష ద్వారా ఇంగ్లీషులో చేరిన ఈ మాటకు మొదటి అర్థం చట్టానికి వెలుపల నిలబెట్టిన మనిషి. ఇందులో పనిచేసింది చట్టం. అది అతన్ని కాపాడటం మానేసింది. అతని ఆస్తికి, ప్రాణానికి పూచీ తీసివేసింది. మధ్యయుగాల ఇంగ్లండు న్యాయభాషలో అటువంటివాణ్ణి 'తోడేలు తల' మోస్తున్నవాడనేవారు, ఎందుకంటే తోడేలును చంపినట్టే అతన్ని కూడా ఎవరైనా చంపవచ్చు. ఈ ఏర్పాటు చాలాకాలం సాగింది. ఇంగ్లండులో సివిల్ వ్యవహారాల్లో 1879లో, నేర విచారణల్లో 1938లో గానీ దాన్ని రద్దు చేయలేదు. ఈరోజు ఔట్‌లా అంటే మనకు స్ఫురించేది చట్టాన్ని లెక్కచేయనివాడు. విడిచిపెట్టింది చట్టమైతే, విడిచిపెట్టిన నేరం మనిషిదన్నట్టుగా అర్థం తలకిందులైంది. కర్త స్థానంలో ఉన్న వ్యవస్థ నిశ్శబ్దంగా తప్పుకుని, కర్మ స్థానంలో ఉన్నవాణ్ణి అక్కడ నిలబెట్టింది. ఇంత పెద్ద అన్యాయం ఒక పదం లోపల ఏ అలికిడీ లేకుండా జరగగలదని నాకు ఈ మాటే నేర్పింది.

'బాండిట్' కథ కూడా ఇటువంటిదే. 'బాన్' అన్న మాటకు మూలమైన జర్మానిక్ పదానికి నలుగురూ వినేలా చాటడం అని అర్థం. పెళ్ళికి ముందు చర్చిలో చదివే ప్రకటనను ఇంగ్లీషులో ఇప్పటికీ 'బాన్స్' అంటారు. కనుక 'బానిష్' చేయడమంటే చాటింపు వేసి పంపేయడం. ఇటాలియన్‌లో 'బందితో' అంటే అలా చాటింపు వేసి వెళ్ళగొట్టిన మనిషి. అది ఇంగ్లీషులోకి వచ్చేసరికి దారిదోపిడీ దొంగ అయింది. ఊళ్ళోకి రానివ్వని మనిషి అడవిదారిని బతకవలసి వచ్చి దోపిడీకి దిగి ఉండవచ్చు, నేను కాదనను. అయితే ఆ మాటలో దోపిడీ మిగిలింది, చాటింపు మాయమైంది. 'అబ్జెక్ట్' అనే విశేషణం కూడా ఈ కోవలోనిదే: లాటిన్‌లో దూరంగా విసిరివేసినది అని దాని అర్థం, ఇప్పుడు అది ఆత్మగౌరవం లేని దైన్యానికి పేరు. విసిరినవాడి గుణం మీద ఆ మాట ఏ వ్యాఖ్యా చేయదు.

ఈ వాదనకు ఎదురు నిలిచే మాటలు రెండున్నాయి. 'ఎక్సైల్' అనే మాట వెళ్ళగొట్టడాన్నీ, వెళ్ళగొట్టిన మనిషినీ కూడా సూచిస్తుంది, అయినా అందులో చులకన లేదు. 'రెఫ్యూజీ' అనే మాట ఇంగ్లీషులో స్థిరపడినది 1685లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ, ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛ ఇచ్చిన నాంట్ శాసనాన్ని రద్దు చేసినప్పుడు పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్ల వల్ల. అప్పట్లో అది గౌరవమైన మాటే. ఈ రెండూ మైలపడకపోవడానికి కారణం వెతికితే నాకు తోచినది ఇది. ఎక్సైల్ అన్న మాటకు రూపం దిద్దినవారిలో 1302లో ఫ్లోరెన్సు నగరం బహిష్కరించిన డాంటే వంటి కవులున్నారు. ఫ్రెంచి ప్రొటెస్టెంట్లలో చేతిపని, చదువు, వ్యాపారం ఉన్నవారు ఎందరో ఉన్నారు. తమ కథను తామే రాసుకోగలిగిన చోట ఆ మనుషుల పేరు నిలిచింది. అందువల్ల ఈ మినహాయింపులు నా వాదనను బలహీనపరచకపోగా దానికి కారణాన్ని కూడా చూపిస్తున్నాయి.

ఇక పనిని చెప్పే మాటల వైపు చూద్దాం. 'ఎలిమినేట్' అనే మాటలో లాటిన్ 'లీమెన్' ఉంది, అంటే గడప. గడప దాటించి బయటికి నెట్టడం అనేది దాని మొదటి చిత్రం. ఈరోజు ఆ మాట బీజగణితంలో చలరాశిని తొలగించడానికి, పోటీలో ఓడినవారిని ఇంటికి పంపడానికి, గూఢచారుల భాషలో మనిషిని చంపడానికి ఒకే నిర్లిప్తతతో పనికివస్తుంది. 'ఎక్స్‌టర్మినేట్' మరీ భయపెట్టే ఉదాహరణ. లాటిన్ 'తెర్మినుస్' అంటే పొలిమేర రాయి. పొలిమేర దాటించడమే ఆ క్రియకు అసలు అర్థం. పదహారో శతాబ్దపు ఇంగ్లీషులో కూడా దేశం నుంచి తరమడం అనే అర్థంలో వాడారు. సమూలంగా చంపడం అన్న అర్థం దాన్ని పూర్తిగా ఆక్రమించింది. తరమడానికీ చంపడానికీ మధ్య ఉన్న దూరం ఒక పదం చరిత్రలో ఇంత సులభంగా చెరిగిపోవడం నిఘంటువులో చదివి ఊరుకోవలసిన సంగతి కాదు, ఎందుకంటే చరిత్ర కూడా ఆ దారిలో నడిచింది. 1942 జనవరి 20న బెర్లిన్ శివారులోని వాన్‌జేలో నాజీ అధికారులు జరిపిన సమావేశపు నివేదికలో యూదుల సంహారానికి వాడిన మాట 'తూర్పుకు తరలింపు'. పంపడాన్ని చెప్పే మాట చంపడానికి తెర అయింది.

ఈ మాటలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 'ఆస్ట్రసైజ్'. దాని మూలం గ్రీకు 'ఆస్ట్రకోన్', అంటే కుండపెంకు. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో ఏథెన్సు పౌరులు ఏడాదికి ఒకసారి సభలో కూడి, ఈ సంవత్సరం ఎవరినైనా నగరం నుంచి పంపవలసిన అవసరం ఉందా అని ముందు ప్రశ్నించుకునేవారు. అవునని తేలితే, సుమారు రెండు నెలల తరువాత అగోరా అనే బహిరంగ స్థలంలో గుమికూడి, ఒక్కొక్కరు ఒక పెంకు మీద ఒక పేరు గీకి ఇచ్చేవారు. మొత్తం మీద కనీసం 6000 పెంకులు పడాలని ఒక ఆధారం, ఒక్క మనిషి మీదనే 6000 పడాలని మరొక ఆధారం చెబుతున్నాయి. ఏదైనా అది చిన్న సంఖ్య కాదు. పేరు ఖాయమైనవాడు పది రోజుల్లో నగరం విడిచి, పది సంవత్సరాలు దూరంగా ఉండాలి. అతని ఆస్తిని ఎవరూ ముట్టుకోరు, పౌరసత్వం పోదు, గడువు తీరాక తిరిగి వచ్చి మామూలుగా బతకవచ్చు. మొదటగా ఇలా పంపినది క్రీ.పూ. 487లో హిప్పార్కస్‌ను. 482లో పంపిన అరిస్టైడీస్‌ను, పర్షియా సైన్యం మీదికి వస్తున్నదని తెలిసి, రెండేళ్ళకే వెనక్కి పిలిచారు. 479లో ప్లతేయా యుద్ధంలో ఏథెన్సు సైన్యాన్ని నడిపించినవాడు అతనే.

ఈ పద్ధతి మచ్చలేనిదని నేను చెప్పను. పురావస్తు శాస్త్రజ్ఞులకు ఆక్రోపోలిస్ కొండ ఉత్తరపు వాలులోని ఒక బావిలో ఏథెన్సు నాయకుడు థెమిస్టోక్లీస్ పేరు గీకిన పెంకులు 190 దొరికాయి. దస్తూరీలు పోల్చి చూస్తే ఆ 190 పెంకులనూ రాసినది 14 మంది మాత్రమే. అంటే ముందే పేరు గీకి పంచడానికి సిద్ధం చేసుకున్నారన్న మాట. ప్రజల తీర్పును తయారుచేసి పెట్టే కళ అప్పటికే ఉంది. స్త్రీలకు, బానిసలకు, పరదేశీయులకు ఆ పెంకు పట్టే హక్కు కూడా లేదు. ఇన్ని లోపాలతో ఉన్నా, ఆ చట్టంలో మూడు ప్రశ్నలకు సమాధానం ఉంది: ఎవరు పంపుతున్నారు, ఎంతకాలానికి పంపుతున్నారు, పంపినవాడికి ఏది మిగులుతుంది. క్రీ.పూ. 454 ప్రాంతంలో సిరక్యూస్ నగరం ఈ పద్ధతినే ఆలివ్ ఆకులతో అనుకరించి, గడువును ఐదేళ్ళకు తగ్గించింది; అక్కడ కూడా గడువనేది ఉంది.

నేటి ఇంగ్లీషులో ఆస్ట్రసైజ్ అంటే ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఓటు లేదు, గడువు లేదు, వెనక్కి పిలిచే మార్గం లేదు. బడిలో పిల్లలంతా ఒకరితో మాట్లాడటం మానేస్తే దాన్నీ ఆస్ట్రసైజ్ అనే అంటారు. ఎప్పుడు మొదలైందో, ఎవరు మొదలుపెట్టారో, ఎప్పటికి తీరుతుందో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పరు. గ్రీకుల నుంచి మనం అరువు తెచ్చుకున్నది పెంకు పేరునే తప్ప, ఆ పెంకును కట్టడిచేసిన నియమాన్ని కాదు. పాత శిక్ష కంటే కొత్త వాడుక క్రూరమైనదని నేను అంటున్నది ఇందుకే.

రోమన్ల దగ్గర వెలివేతకు తరతమ భేదాలుండేవి, వాటికి వేరువేరు పేర్లుండేవి. క్రీ.శ. 8లో అగస్టస్ చక్రవర్తి కవి ఓవిడ్‌ను నల్లసముద్రపు ఒడ్డున ఉన్న తోమిస్‌కు పంపాడు. తాను 'ఎక్సుల్' కాదని, 'రెలెగాతుస్' మాత్రమేనని ఓవిడ్ తన పద్యాల్లో పట్టుబట్టి చెప్పుకున్నాడు; ఎందుకంటే రెలెగాతియోలో పౌరసత్వమూ ఆస్తీ నిలిచే ఉంటాయి. అక్కడే చనిపోయాడు గానీ ఆ భేదాన్ని మాత్రం వదులుకోలేదు. ఆ మాటే నేడు 'రెలిగేట్' రూపంలో ఫుట్‌బాల్ జట్టును కింది శ్రేణికి దింపడానికి వాడుకలో ఉంది. దీనికి పూర్తిగా అవతలి కొసన ఉన్నది 'ప్రోస్క్రైబ్'. అందరికీ కనిపించేలా రాసి పెట్టడం అని దాని అర్థం. క్రీ.పూ. 82లో సుల్లా అనే సేనాని తన శత్రువుల పేర్ల జాబితాను రోము నగర కూడలిలో పెట్టించాడు. అందులో పేరున్నవారిని చంపినవారికి బహుమానం, ఆస్తి స్వాధీనం, వారి కొడుకులకూ మనుమలకూ పదవులు నిషేధం. క్రీ.పూ. 43లో మరో జాబితా ప్రసిద్ధ వక్త సిసిరో ప్రాణం తీసింది. నేడు ప్రోస్క్రైబ్ చేయడమంటే ఒక సంస్థను నిషేధించడం. ఆ మాట వెనుక ఉన్న నెత్తుటిని తలుచుకునేవారు తక్కువ. విశ్వవిద్యాలయాల్లో వినిపించే 'రస్టికేట్' కూడా లాటిన్‌దే, విద్యార్థిని పల్లెకు పంపేయడమని దాని అర్థం. పల్లెను శిక్షగా భావించిన మనస్తత్వం అందులో నిలిచే ఉంది.

ఈ మధ్య ఎక్కువగా వినిపించే 'క్యాన్సిల్' మూలం మరీ విచిత్రం. లాటిన్‌లో 'కాంకెల్లి' అంటే జాలీ, అడ్డకమ్మీల తెర. రద్దయిన పత్రం మీద జాలీ లాగా అడ్డగీతలు గీసేవారు కనుక కొట్టివేతకు ఆ పేరు వచ్చింది. ఇన్ని శతాబ్దాల పాటు కాగితానికీ చందాకూ ప్రయాణానికీ పరిమితమైన మాటను మన కాలం మనిషికి తగిలించింది. బలవంతులు తమ మీద వచ్చిన న్యాయమైన విమర్శను తప్పించుకోవడానికి ఈ మాటను డాలుగా వాడుకుంటున్నారని నాకు తెలుసు. అయినప్పటికీ, మనిషిని కొట్టివేయదగిన గీతగా చూడటం నాకు సమ్మతం కాదు. కోపం న్యాయమైనదే అయినప్పుడు కూడా, ఏ తప్పుకు, ఎంతకాలం, ఏం చేస్తే తీరుతుంది అనే ప్రశ్నలు ఈ మాటలో ఇమడవు.

వెలివేతను కింద ఉన్నవారు పైనున్నవారి మీద ప్రయోగించిన సందర్భంలో పుట్టిన మాట ఒకటి ఉంది, అది 'బాయ్‌కాట్'. 1880లో ఐర్లండులోని మేయో కౌంటీలో, లఫ్ మాస్క్ సరస్సు దగ్గర, చార్లెస్ బాయ్‌కాట్ అనే మాజీ సైనికుడు లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటుగా ఉండేవాడు. పంటలు పోయిన రోజులు అవి. కౌలు తగ్గించమని రైతులు అడిగారు. అడిగినంత తగ్గించలేదు సరికదా, భూమి నుంచి తొలగించే నోటీసులు బయలుదేరాయి. తొలగింపుకు వాడే 'ఎవిక్ట్' అన్న మాటకు లాటిన్ మూలంలో జయించడం అని అర్థమని ఇక్కడ గుర్తుచేయాలి. ఆ సెప్టెంబరు 19న ఎన్నిస్ పట్టణంలో ఐరిష్ రాజకీయ నాయకుడు పార్నెల్ మాట్లాడుతూ, తొలగించిన రైతు భూమిని తీసుకున్నవాణ్ణి చంపవద్దని, దారిలో, అంగడిలో, సంతలో, చివరికి ప్రార్థనా మందిరంలో కూడా అతన్ని పలకరించకుండా ఒంటరిని చేయమని చెప్పాడు. బాయ్‌కాట్ ఇంట్లో పనివారు మానేశారు, కొట్టువారు సరుకులు అమ్మలేదు. పంట కోయడానికి బయటి నుంచి 50 మందిని తెప్పించి, వారికి కాపలాగా సుమారు 1000 మంది సైనికులను, పోలీసులను నిలపవలసి వచ్చింది. 500 పౌన్ల పంట కోతకు 10,000 పౌన్లు ఖర్చయిందని అప్పటి అంచనా. బాయ్‌కాట్ ఆ డిసెంబరు మొదట్లో అక్కడి నుంచి వెళ్ళిపోయాడు.

ఆ పేరు క్రియగా మారిన తీరులో ఈ వ్యాసానికి కావలసిన సాక్ష్యం ఉంది. జేమ్స్ రెడ్‌పాత్ అనే పాత్రికేయుడు ఈ చర్యకు ఏ పేరు పెట్టాలా అని ఆలోచిస్తూ, ఆస్ట్రసిజం అన్న మాట రైతులకు అర్థం కాదని స్థానిక మతగురువు జాన్ ఒమాలీతో అన్నాడు. ఒమాలీ కాసేపు ఆలోచించి, బాయ్‌కాట్ చేయడం అంటే ఎలా ఉంటుందని అడిగాడు. రెడ్‌పాత్ స్వయంగా చెప్పిన కథ ఇది. అంటే, పండితుల మాట పామరులకు పనికిరాదని తెలిసి, వారి నోట తిరిగే మాటను కావాలని ఎంచుకున్నారు. కొద్ది వారాల్లోనే అది లండను పత్రికలకెక్కింది, తరువాత ఫ్రెంచి, జర్మన్, జపనీస్ భాషలకు, తెలుగుకు కూడా వచ్చింది. ఇక్కడ ఒక్క విషయం నన్ను కలతపెడుతుంది. పార్నెల్ ఆ ప్రసంగంలో, పూర్వకాలపు కుష్ఠురోగిని దూరం పెట్టినట్టు పెట్టమన్నాడు. బలహీనుల చేతికి ఆయుధం ఇస్తున్నప్పుడు కూడా పోలికకు దొరికినది, ఏ తప్పూ చేయకుండా వెలిపడిన మరో మనిషే.

బాయ్‌కాట్ పక్కన పెట్టి చూడవలసిన మాట 'పరయా'. రెండూ పేర్ల నుంచి పుట్టిన సాధారణ పదాలే. కానీ బాయ్‌కాట్ అనేది ఒక వ్యక్తి పేరు నుంచి పుట్టి ఒక చర్యకు పేరయింది. చర్యకు మొదలుంటుంది, కోరిక నెరవేరితే ముగింపు ఉంటుంది. పరయా అనేది పరై అనే డప్పు పేరుతో ముడిపడిన ఒక తమిళ సమాజపు పేరు. పోర్చుగీసుల ద్వారా పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరి, కులవ్యవస్థ వెలుపలకు నెట్టిన వారందరికీ, పంతొమ్మిదో శతాబ్దానికి నలుగురూ దూరం పెట్టిన ఎవరికైనా పేరయింది. వలస పాలనలోని ఇంగ్లీషువారు వీధికుక్కకు కూడా ఆ పేరే పెట్టారు. చర్యగా కాక స్థితిగా, అదీ పుట్టుకకు అంటిన స్థితిగా ఆ మాట స్థిరపడింది. దూరం పెట్టినవాడు ఎవరన్న ప్రశ్నకు అందులో చోటే లేదు.

ఇక్కడ ఇంగ్లీషు నిఘంటువులో పక్కపక్కనే ఉండే రెండు మాటలను కలిపేయకూడదు. 'ఔట్‌కాస్ట్' అనేది విసరడం అనే స్కాండినేవియన్ క్రియ నుంచి మధ్యయుగాల్లోనే ఏర్పడింది. కులం అనే అర్థమున్న 'కాస్ట్' పోర్చుగీసు నుంచి వచ్చిన వేరే మాట. ఉచ్చారణలో పోలిక చూసి, దానితో మరో 'ఔట్‌కాస్ట్'ను ఆ తరువాత తయారుచేశారు. విసిరివేతకూ కులానికీ భాషాశాస్త్రంలో చుట్టరికం లేకపోయినా, ఇంగ్లీషువారి చెవికి రెండూ ఒకటిగానే వినిపించాయి.

ఆ సమాజం వారు ఈ మాట గురించి ఏమన్నారన్నది చాలామంది చెప్పరు. 1893లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసులో ఒక తమిళ పత్రిక మొదలుపెట్టి దానికి తమ సమాజం పేరే పెట్టాడు. తల దించుకుని దాచవలసిన పేరు కాదని చెప్పడానికి అంతకంటే సూటి మార్గం లేదు. 1922లో ఎం.సి. రాజా మద్రాసు శాసనసభలో, ప్రభుత్వ వ్యవహారాల్లో పరయ, పంచమ వంటి పేర్లకు బదులు ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే పేర్లు వాడాలని తీర్మానం తెచ్చి నెగ్గించాడు. పేరును నిలుపుకోవడమూ పేరును మార్చుకోవడమూ రెండూ వారి హక్కులోని పనులే. ఇంగ్లీషు మాత్రం ఆ రెండింటినీ పట్టించుకోకుండా, నేటికీ ఆ పేరును విశేషణంగా వాడుతూనే ఉంది.

అందుకే 'పరయా స్టేట్' అన్న పదబంధం నాకు మింగుడుపడదు. దక్షిణాఫ్రికాలో శ్వేతజాతి ప్రభుత్వం ఉన్న కాలంలో ఆ దేశాన్ని ఇలాగే పిలిచేవారు. దేశంలోని అత్యధిక జనాభాను ఓటుకూ, భూమికీ, నగరానికీ దూరం చేసిన పాలకులకు, తాము ఏ తప్పూ చేయకుండా దూరమైన ఒక సమాజం పేరు పెట్టారు. ఆ ప్రభుత్వం వెలిపడింది తన చేతల వల్ల, పుట్టుక వల్ల కాదు. తెలుగులో దీన్ని 'అంటరాని దేశం' అని రాస్తే అన్యాయం ఇంకో మెట్టు దిగుతుంది. 'ఏకాకి దేశం' అనేది కొంత మేలు, కానీ అందులోనూ ఏకాకిని చేసినది ఎవరో, ఎందుకో తెలియదు. నేను రాయవలసి వస్తే, 1964లో టోక్యో ఒలింపిక్స్‌కు రానివ్వని దేశం, 1970లో ఒలింపిక్ సంఘం బహిష్కరించిన దేశం, 1977లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆయుధాల అమ్మకాన్ని నిషేధించిన దేశం అని రాస్తాను. వాక్యం పొడవవుతుంది. కానీ వెలివేసినవారెవరో, ఏ తేదీన వేశారో, దేన్ని ఆపారో అందులో ఉంటాయి. జాతివివక్ష పాలన ముగిశాక ఆ నిషేధాన్ని 1994లో ఎత్తివేశారని రాయడానికీ దాని పక్కనే చోటు ఉంటుంది.